తూము కాడ ఆగిన గడియారం

గురువారం, రాత్రి

జరం తగ్గింది గానీ ఒంట్లె సత్తువ లేదు.

నాది కాల్వల దిగి, వంతుల లెక్కన పొలాలకు నీళ్లిడిచే కొలువు. అందుకే నీళ్లు చొరని గడియారం కావాలని మిర్యాలగూడల ఏరి ఏరి కొన్న. దీంట్ల సెల్లు ఉండదు, చెయ్యి ఆడితెనే నడుస్తదని షాపాయన అప్పుడే చెప్పిండు. రోజూ తూము షట్టర్ తిప్పే చెయ్యికి ఆడుడు తక్కువనా అనుకున్న.

మంచం పట్టిన మూడు రోజులు అది గూట్లె ఆగిపోయింది. పొద్దున టైం కలిపి పెట్టుకున్న. ఎనిమిదింటికి సైదులు పొలానికి నీళ్లిడిచి, గడియారం రింగు తిప్పి గుర్తు పెట్టిన. పదింటి సంది కింది పొలం లచ్చమ్మ వంతు. పన్నెండుకు పై కాల్వ బంద్ అయితది.

నిలబడలేక తుమ్మచెట్టు కింద ఒరిగిన. కండ్లు తెరిచి చూస్తే తొమ్మిదింబావు. ఇంకా టైముందిలే అని మళ్ల పన్న. మళ్ల లేచినా తొమ్మిదింబావే. నీడ చూస్తే కాళ్ల కిందికొచ్చింది. కాల్వల నీళ్లు లేవు.

లచ్చమ్మ పార పట్టుకొని వచ్చింది. ఆమె వరి పొట్ట మీదుంది, ఇప్పుడు నీళ్లు తప్పితే తాలు పోతది. మళ్ల వంతు వారానికి గానీ రాదు.

"నా నీళ్లేమైనయ్ అన్నా?"

"పైనుంచే తక్కువిడిచిన్రు చెల్లె," అని కాల్వ దిక్కు చెయ్యి ఊపుకుంట చెప్పిన.

గీ గడియారం కొన్నప్పటి సంది వంతుల కాడ నాతోని ఎవ్వరూ లొల్లి పెట్టుకుంటలేరు. ఆమె కూడా పెట్టుకోలే. నా చెయ్యి దిక్కు చూసి, "నీ దగ్గర టైం తప్పదు గదా. జరమన్నా తగ్గిందా?" అని అడిగి పోయింది.

నేనూ చూసిన. చెయ్యి ఊపినందుకేమో, ముల్లు మళ్ల తిరుగుతున్నది.