అప్పలనాయుడు విప్పేసిన కట్టు

1978 జూలై, మంగళవారం రాత్రి. సిద్ధగోరా.

ఉక్కు కంపెనీ డిస్పెన్సరీలో రోజంతా కట్లు కట్టి చేతులు లాగుతున్నాయి. గోరంతకు తగ్గిన అప్పలనాయుడి కాలి పుండు ఇవాళ మళ్ళీ రూపాయి బిళ్ళంత అయింది. పాదం మీద నాడి బాగానే ఆడుతోంది, కాలికి రక్తం అందుతోంది, బిగింపు కట్టుతో మానాల్సిందే. గట్టిగా అడిగితే, ఇంటికెళ్ళి తనే కట్టు విప్పేస్తున్నానని ఒప్పుకున్నాడు.

"ఏటిది నాయుడూ?" అన్నాను.

"మానిపోతే కుర్చీ డ్యూటీ తీసేసి మళ్ళీ ఫర్నేస్ కాడ నిలబెట్టేత్తారు సిస్టరమ్మా. నిలబడే గదా ఈ పుండయింది," అన్నాడు తల వంచుకుని.

కోపం రాలేదు. వేళ్ళ నుంచి మోకాలి దాకా మళ్ళీ బిగించి కట్టాను. అతని డిస్పెన్సరీ కార్డు మీద, పుండు మానినా కూర్చుని చేసే పనే ఇవ్వాలని రాశాను. అలా రాసే అధికారం నాకు లేదు. రేపు డాక్టరుగారు సంతకం పెట్టకపోతే, కట్టు విప్పొద్దని ఆ మనిషికి ఏ ముఖంతో చెప్పను...