దీపానికి దగ్గరి మాటలు

గోదావరిఖని,
ఆదివారం

సువార్తక్కా,

నువ్వు పంపిన నిఘంటువు ఫైలు అందింది. పక్షవాతం వచ్చాక మా ఆయన ఒక మాట అనబోయి దాని పక్క మాట అంటున్నారని చెప్పాను కదా. ఆయన అన్న మాట ఇస్తే, అర్థం కలిసే మాటలన్నీ ఏరి చూపేలా కంప్యూటరులో చిన్న స్క్రిప్టు రాశాను. వాటిని ఒక్కొక్కటే చదువుతాను, కావలసింది వస్తే తల ఊపుతారు. నీళ్లు, దుప్పటి అట్లాగే దొరికాయి.

నెల రోజులుగా "దీపం ఇచ్చెయ్యాలె" అంటున్నారు. వత్తి, నూనె, వెలుగు, హారతి అన్నీ చదివాను. ఒక్కదానికీ తల ఊపలేదు. తప్పు నా స్క్రిప్టుదే అనుకుని మూడుసార్లు మార్చాను.

నిన్న ఆయనతో బొగ్గుబాయిలో పనిచేసిన ఉపేందర్ వచ్చి, విని నవ్వాడు.

"ఏంది వదినా, గింత చదివి గిది తెల్వదా? షిఫ్టు అయినంక టోపీకుండే దీపం ల్యాంపు రూముల ఇచ్చేసే గద మేం ఇంటికి పొయ్యేది. అన్నకు గీ ఇల్లే బాయి అయింది, బయటికి పోత అంటున్నడు."

ఆయన తల ఊపారు, చాలాసేపు.

మళ్లీ పడిపోతారని నాలుగు నెలలుగా నేనే గడప దాటనివ్వలేదక్కా. ఆ భయం ఆయన కోసమో, నా కోసమో తెలియదు. ఫైలులో దీపం పక్కన "బయట" అని చేర్చాను. ఇన్నాళ్లూ అర్థం కాలేదన్న సాకు ఉండేది. రేపు మళ్లీ అడిగితే ఏమనాలో నువ్వైనా రాయి.

నీ చెల్లెలు