సైకిల్ ట్యూబు బెల్టు

బాపూ,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఎడపల్లిలో మన ఇంట్లోనే ప్రార్థన పెట్టుకున్నాం. నువ్వు రోజూ పొద్దున రికార్డు ప్లేయర్ మీద వేసే యేసు పాట నేను పాడాలి.

కీబోర్డు వాయించే అతనికి వినిపించి వాయిద్యం కుదుర్చుకోవడానికని తమ్ముడు నిజామాబాద్ నుంచి ఎమ్పీత్రీ సీడీ తెచ్చాడు. ఒక్కదాంట్లోనే రెండు వందల పాటలట. మన పాట పెడితే పరుగే పరుగు. ఇన్నేళ్లూ మనం పెద్దావిడ అనుకున్న గాయని, వింటే పద్దెనిమిదేళ్ల పిల్లలా ఉంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"గీమె ఎవలు బిడ్డా? మనామె గాదు!"

తప్పు నీదే. ప్లేయర్ బెల్టు తెగితే పాత సైకిల్ ట్యూబు కోసి రింగు వేశావు. అది వదులై రికార్డు మెల్లగా తిరిగేది, గొంతు ముదురుగా పలికేది. ఇంటిల్లిపాదీ ఆ వేగానికే పాడటం నేర్చుకున్నాం.

నువ్వు పోయాక ఆ రింగూ ఎండి తెగింది.

"కొత్త బెల్టు హైదరాబాద్‌ల దొరుకుతదక్కా," అన్నాడు తమ్ముడు.

వద్దన్నాను. నీ సైకిల్ ట్యూబే కోశాను. మూడు రింగులు పాడుచేశాను. నాలుగోది కుదిరింది. మనామె తిరిగొచ్చింది.

ఈ సాయంత్రం పాట సరిచూసుకుంటుంటే కీబోర్డు అతను ఆపేశాడు.

"అక్కా, జర జల్ది పాడు. సీడీల గిట్ల లేదు."

"సీడీల లేకుంటే లేకపాయె. రేపు నువ్వే నా ఎంబడి మెల్లగ రావాలె," అన్నాను.

నీ బిడ్డ