అక్క పట్టిన లైటు

బావా, ఇది నీకు అందదని తెలిసే రాస్తున్నాను.

మొన్న నీ సంవత్సరీకం పెట్టేశాం. కొల్లేట్లో ఒళ్ళే దొరకని మనిషికి సంవత్సరీకం ఏంటని అక్క గొడవ పెట్టింది. అయినా పెట్టేశాం.

నువ్వు పెట్రోమాక్స్ లైటు పట్టేవాడివి, నేను గెడేసి దోనె నడుపుతూ, బల్లెంతో చేపల్ని పొడిచేవాణ్ణి. ఒక్కణ్ణే వెళ్తుంటే నీ పనీ నా పనీ రెండూ కుదరట్లేదు. నిన్న రాత్రి అక్క వచ్చి దోనెలో కూర్చుంది.

"ఆడోళ్ళు రాత్రి వేటకొస్తే నవ్వుతారే," అన్నాను.

"నవ్వనీరా. లైటు నేను పడతా. నువ్వు బళ్ళోలాగా దిక్కులు చూడకుండా గెడెయ్యి," అంది.

లైటు నీళ్ళకి దగ్గరగా, కదలకుండా పట్టాలని చెప్పాను. కాసేపు బాగానే పట్టింది. పెద్ద కొర్రమీనొకటి వచ్చి వెలుగులో నిలబడిపోయింది. నేను బల్లెం ఎత్తేసరికి నీళ్ళమీద వెలుగు లేదు. అక్క లైటు పైకెత్తి కిక్కిసగడ్డి దుబ్బుల్లోకి చూస్తోంది.

"చేప పోయిందే అక్కా."

"ఆ దుబ్బు ఎనకాల ఎతికార్రా అప్పుడు?"

ఎతికాం బావా. ఊరంతా కలిసి నాలుగుసార్లు ఎతికాం. ఆ మాట అక్కతో అనలేక, బల్లెం దోనెలో పడేసి అటే గెడేశాను. తెల్లారేదాకా తను లైటు చూపించిన ప్రతి దుబ్బుకీ తీసుకెళ్ళాను.