చివరి అధ్యాయం వద్దన్న అవ్వకు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజే మదనపల్లెలో మా కాలేజీ సెమినార్‌లో పాత డిటెక్టివ్ నవలల్లోని ముఠా నాయకురాళ్ల గురించి మాట్లాడాను. నువ్వు పట్టుగూళ్లు ఏరుతుంటే నేను అద్దెకు తెచ్చి చదివి వినిపించిన నవలలే అవి. చివరి అధ్యాయం రాగానే ఆపించేదానివి. “సాలు, మూసెయ్ పాపా. ఇంగ ఆ డిటెక్టివ్ నాకొడుకు వచ్చి ఆయమ్మను ఏడిపిస్తాడు.”

సెమినార్ కోసం ఆ చివరి అధ్యాయాలు మొదటిసారి చదివాను. నువ్వన్నట్టే ఉన్నాయి. ఒక నవలలో ఊరంతటినీ ఆడించిన నాయకురాలు డిటెక్టివ్ కాళ్ల మీద పడి ఏడుస్తుంది. ఇంకో నవలలో పథకమంతా ఆమె ప్రియుడిదని తేలుతుంది. ఇది అన్యాయమని అందరి ముందూ చెప్పాను.

మా సారు నవ్వారు. “ఆడోళ్లకు అంత బుర్ర యాడుంటాదమ్మా? రాసినోడు సరిగ్గానే రాసినాడు. నీ వ్యాసంలో ఆ మాట కొట్టేసి ఇయ్యి, మార్కులేస్తా.”

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను మేకలు మేపడానికి తీసుకెళ్తున్నానని నాన్నకు చెప్పి రోజూ బడిలో దింపి వచ్చింది నువ్వు. ఆ పథకం ఏ మగవాడిది?

“యాల కొట్టెయ్యాల సార్?” అన్నాను. ఆయన నవ్వు మాని, కోపంగా హాజరుపట్టీ మూసేశారు. ఒక్క అక్షరం మార్చకుండా వ్యాసం ఆయన టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. మార్కులు వేస్తారో లేదో తెలియదు. ఆయన కోపం తగ్గలేదు. నాదీ తగ్గలేదు.