మూడు చందమామల పుస్తకం

ఆదివారం, రాత్రి

ఈ నెలంతా మాయాలోకాల నవలలు, సైన్స్ ఫిక్షన్ తప్ప ఇంకేమీ చదవకూడదనుకున్నాను. వారానికొకటి చొప్పున నాలుగు తెచ్చిపెట్టుకున్నాను. మొదటిది మూడు చందమామలున్న గ్రహం కథ.

పొద్దున గట్టు దారిలోని సీడ్ పత్తి చేనులో, విత్తనం కట్టడానికి పువ్వుకు పువ్వు రుద్దుతూ, చదివినంతవరకు అత్తమ్మకు, తోటి ఆడవాళ్లకు చెప్పాను. అక్కడే నా లెక్క తప్పింది. ఇంటికి రాగానే అత్తమ్మ పుస్తకం లాక్కుంది.

"నువ్వు ముందుగాల్నే సదివేస్తే, రేపు చెప్పేటప్పుడు నీకేం మజా ఉంటది? దినాం జరంత సదువు, గంతే చెప్పు. అందరం ఒక్కతాన్నే ఉందాం."

ఇట్లా అయితే నాలుగు పుస్తకాలు దసరా దాటినా పూర్తి కావు. అయినా నవ్వొచ్చింది. చదవడం రాని అత్తమ్మ ఆ పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది.

నిద్రపోయిందనుకున్నాను. ఇప్పుడే పక్క గదిలోంచి అడిగింది.

"ఏం పిల్లా, ఆ మూడు చందమామలకు ఒకదానెనక ఒకటి గ్రహణం పడితే, గక్కడోళ్లు అన్నం ఎప్పుడు తింటరు?"

చూసి చెబుదామంటే పుస్తకం ఆమె తల కిందే ఉంది.