బేడ రాసిన మూటలు

పెనుకొండ,
1959, ఆషాఢం

ప్రియమైన మా లగేజీ దొరకు,

తాత ఓబుళప్ప దీవించి రాసేది. ఈడ అందరమూ బాగుండాము. మీ అవ్వ మోకాళ్ళు మాత్రం ఆమె మాట వినవు. నేనెప్పుడు విన్నాను గనక అవి వింటాయి?

నీ జాబు కూడబలుక్కుని చదివినా. బస్సు కంపెనీ లగేజీ గదిలో జనం పెట్టిపోయిన మూటలు కుప్పపడి కాలు పెట్టే సందు లేదంటివి. ఎవురు మళ్ళీ వస్తారో, ఎవురు రారో తెలీలేదంటివి. బాడుగ కట్టనోళ్ళ మూటలు నెలనెలా పెంటబండికి ఎత్తించమని ఓనరు చంపుతాన్నాడంటివి. ఎస్సెల్సీ పాసైనోడివి, దీనికి ఏడుస్తాండావా?

బాడుగ బేడ కట్టినోళ్ళ మూట మీద సుద్దతో ‘బేడ’ అని రాయి. నయాపైసలు వచ్చినా మన నోట్లో రెండణాలు బేడే గదా. రాసిందాన్ని ఉంచు, రాయందాన్ని ఊడ్చెయ్. అంతే! నా పెండ్లిచూపుల్లో ఎవురైనా ఇట్ల రాసిపెట్టింటే ఇంకో అవ్వ దొరికుండు. ఊరికి వచ్చినప్పుడు ఈ మాట మీ అవ్వకు చదివి వినిపించొద్దు.

ఎప్పటికీ నీ మేలు కోరే, నీకంటే అందగాడు,
తాత

* * *

హిందూపురం

ప్రియమైన తాతకు,

రంగప్ప నమస్కరించి రాసేది. తాతా, నా ఉద్యోగం పోయేలా ఉంది. ఒక మనిషి జైలుకు పోయేలా కూడా ఉంది.

నువ్వు చెప్పినట్టే బాడుగ కట్టిన ప్రతి మూట మీదా బేడ అని రాశాను. నెలాఖరుకు నాకు చలిజ్వరం వచ్చి పడుకున్నాను. కొత్తగా చేరిన హమాలీ దేవప్పను పిలిచి, “సుద్దతో రాసింది చూసి గది సర్దు, పెంటబండి వస్తుంది” అని చెప్పి పంపాను. జ్వరం తగ్గి వెళ్లి చూస్తే బాడుగ కట్టిన మూటలన్నీ మాయం! చిరిగిన గొడుగులు, మూతల్లేని డబ్బాలు మాత్రం గోడకు ఆనించి నీటుగా పేర్చి ఉన్నాయి.

పోయినవాటిలో ధర్మవరం గంగాదేవి మూట ఉంది. చూస్తే వట్టి చిల్లులు పొడిచిన అట్టలు. కానీ అవి మగ్గానికి తగిలిస్తేనే ఏ పోగు లేవాలో మగ్గానికి తెలుస్తుంది. ఆ అట్టల వరుసే చీర అంచు. ఆమె అన్న బెంగుళూరులో కొట్టించి తెచ్చి ఇక్కడ దింపి వెళ్లాడు. ఆమె మగ్గం ఆగి ఉంది. ఒక పెళ్లి చీర దాని మీదే ఉంది.

ఓనరు కేకలు వినగానే దేవప్ప సొంతూరు అమరాపురం పారిపోయాడు. “దొంగ గాకపోతే ఎందుకు పారిపోతాడురా? వాడే ఎత్తుకుపోయినాడని సంతకం పెట్టు. లేదంటే ఇద్దరూ కలిసే చేసినారని పోలీసులకు చెప్తా” అంటున్నాడు ఓనరు. సంత రోజు దాకా గడువిచ్చాడు. సంతకం పెట్టేద్దామనే అనిపిస్తోంది తాతా. పెళ్లి కుదిరినవాడిని, స్టేషన్ మెట్లు ఎక్కలేను.

నీ రంగప్ప

* * *

పెనుకొండ

ప్రియమైన రంగప్పకు,

సంతకం పెట్టొద్దు.

ఈ ముక్క ముందే రాసినా, నేను మళ్ళీ ఏదో వంకరటింకరగా మాట్లాడతానని నువ్వు చదవకుండా మడిచేస్తావని. పెట్టొద్దురా.

నువ్వే ఆలోచించు. దొంగయినోడు మూటలు ఎత్తుకుపోయి, చిరిగిన గొడుగులు నీటుగా పేర్చి పోతాడా? దొంగకు అంత తీరికుంటాదా? ఆ పిల్లోడు పని చేసినాడు. శ్రద్ధగా చేసినాడు. ఏం పని చేసినాననుకున్నాడో, అది వాణ్ణే అడగాల. మనిషి భయపడి పరిగెత్తితే దొంగయితాడా? మీ అవ్వ చీపురు ఎత్తితే నేనూ పరిగెత్తినోణ్ణే.

జాబు అందిన బస్సుకే అమరాపురం పో. పోలీసులకంటే ముందే పో. గట్టిగా అరవొద్దు. పక్కన కూచోని అడుగు. నీ పెండ్లి సంగతి నాకు వదిలెయ్. పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కినోనికి పిల్లనియ్యనోళ్ళు ఉంటారు గానీ, ఇంకోణ్ణి ఎక్కించినోడి పక్కన ఏ పిల్ల నిద్రపోతాదిరా?

ఈ రోజు నవ్వడం చేతకాని,
తాత

* * *

హిందూపురం

ప్రియమైన తాతకు,

వెళ్లాను. దేవప్ప వాళ్ళ పెరట్లో గడ్డివాము వెనక కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

“ఏమప్పా దేవప్పా, కట్టినోళ్ళ మూటలు ఎందుకు పారేసినావు?”

“నువ్వే గదన్నా రాసింది!” అని ఏడ్చేశాడు. “ఒకటి కాదు, అన్నిటి మీదా బేడ, బేడ అని రాసినావు. ఎంత గట్టిగా వద్దంటే ఇన్నిసార్లు రాసింటాడో అనుకోని ఒక్కటీ వదల్లేదు.”

తాతా, అమరాపురం సరిహద్దు ఊరు, వాడు చదివింది కన్నడ బడి. ఆ రెండక్షరాలు కన్నడంలోనూ దాదాపు ఇట్లే ఉంటాయి. వాళ్ళకు బేడ అంటే వద్దు!

వాణ్ణి వెంటబెట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్లాను. “కథలు చెప్తాండావా?” అన్నాడు. గోడ మీద సుద్దతో బేడ అని రాసి, బస్సు దిగిన వాళ్ళను పిలవమన్నాను. బత్తలపల్లి నుంచి వచ్చిన ఆయన చదివి, “రెండణాలు. ఏం, టికెట్టు పెంచినారా?” అని గొడవకు దిగాడు. మడకశిర బస్సు దిగిన కన్నడం ఇంటి పెద్దమ్మ మనవడితో చదివించుకుని, “వద్దంటే వద్దులే. బస్సు ఎక్కొద్దని గోడ మీద రాసేదెందుకు?” అంది. ఓనరు ఫిర్యాదు కాగితం చించేశాడు. దేవప్ప బయటపడ్డాడు.

నేను పడలేదు. మూటలు చాలావరకు పెంటబండివాడి ఇంట్లోనే దొరికాయి. అట్టలు మాత్రం వాడూ వద్దనుకుని ఊరి బయట పెంటగుంటలో పోశాడు. దేవప్పా నేనూ దిగి ఏరాం. కట్టిన దారాలు తెగాయి. అట్టల మీద వేసిన వరుస అంకెలు తడిసి చెరిగిపోయాయి. వరుస పోయింది. “గంగాదేవి ఒప్పుకుంటేనే నీకు పని” అన్నాడు ఓనరు. గది వదిలి కదలనివ్వడం లేదు. ఈ జాబూ అట్టల గోతమూ దేవప్ప చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు ధర్మవరం వెళ్లగలవా?

నీ రంగప్ప

* * *

ధర్మవరం

ప్రియమైన నా మనవడికి,

దేవప్పను తీసుకోని గంగాదేవి వాకిట్లో దిగినా. గోతం మూతి విప్పితే ఆమె చెయ్యి పెట్టి ఒక అట్ట తీసి వాసన చూసింది.

“ఏం పెద్దాయనా, నా మగ్గానికి ఎరువు తెచ్చినావా?”

నేను ఎగతాళికి పోలేదు. బేడ రాయమన్నది నేనేనమ్మా అని చెప్పినా. కథంతా చెప్పినా. ఆమె నవ్వలేదు. “పెండ్లోళ్ళు వేరే మగ్గానికి పోతామని కబురు పెట్టినారు” అనింది. ఆ మాటకు దేవప్ప తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నా. ఈ వయసులో మెడ వంచితే మళ్ళీ లేపేది కష్టం.

ఆమె గళ్ళ కాగితం మీద గీసిన బొమ్మ పరిచింది. ఎదురెదురుగా రెండు నెమళ్ళు. ఒక్కో అట్టా ఎండకు పట్టి, చిల్లులకు గళ్ళు సరిచూసి వరుస పెట్టేది. నా కండ్లకు అన్నీ ఒకటే. “అది తోక, పెద్దాయనా, తల కాదు!” అని ఎన్నిసార్లు తిట్టించుకుంటినో. దేవప్పే చురుకు. ముగ్గురమూ మార్చి మార్చి అట్టలను దారంతో కుట్టినాము. రెండు అట్టలు గుంటలోనే పోయినాయి. వాటిని ఆమె కొత్తగా పొడిచింది.

పొద్దున మగ్గానికి ఎక్కించినారు. వీధిలో సగం మంది గుమ్మంలోనే. గంగాదేవి తొక్కింది. నెమలి కాళ్ళు వచ్చినాయి. రొమ్ము వచ్చింది. మెడ దగ్గర ఒక పోగు తప్పినట్టుంటే ఆగింది. కిందికి వంగి చూసి, చిక్కు విడదీసి మళ్ళీ తొక్కింది. తల వచ్చింది. ముక్కు వచ్చింది, ఎదుటి నెమలి పక్కకే తిరిగి.

“మీ ఓనరుకు చెప్పు, ఆ లగేజీ పిల్లోణ్ణి తీసేయొద్దని” అనింది దేవప్పతో, చెయ్యి ఆపకుండానే.

ఆ మగ్గం ఇంకా ఆగలేదు. దాని పక్కన కూచోనే ఈ జాబు రాస్తాండా. గదంతా అదురుతాంది. అక్షరాలు వంకరపోతే తప్పు నాది కాదు.

నీ తాత,
ఓబుళప్ప